లిఖితం, భుక్తి, సాక్ష్యం: తెలంగాణ సాగుభూమి వివాదాల పరిష్కార చరిత్ర

భూమిపై హక్కును నిరూపించే మానుష ప్రమాణాలు మూడని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది: లిఖితం, భుక్తి, సాక్షులు. అంటే పత్రం, అనుభవం, ఎరిగినవారి మాట. తెలంగాణలో సాగుభూమి వివాదాల పరిష్కార చరిత్రను ఈ మూడింటి మధ్య సంబంధం మారుతూ వచ్చిన క్రమంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వివాదాలకు పత్రం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పత్రానికి ప్రాధాన్యం పెరిగినకొద్దీ, దానిని అనుభవంతోనూ సాక్ష్యంతోనూ సరిచూసే గ్రామస్థాయి విచారణ సన్నగిల్లడం అంతకంటె ముఖ్యమైన కారణమని ఇక్కడి ప్రతిపాదన.

ధర్మశాస్త్ర భావన

విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించడంతో వ్యవహార పరిభాష తెలుగు పద్యంలోకి వచ్చింది. స్మృతి ప్రకారం ఆగమం, అనగా హక్కు సంక్రమించిన మార్గం, భుక్తికంటె బలమైనది. వంశక్రమంగా వచ్చిన అనుభవం దీనికి మినహాయింపు. యజమాని చూస్తూ కూడా అభ్యంతరం చెప్పకుండా ఉండగా పరుడు 20 ఏండ్లు భూమిని అనుభవిస్తే యజమానికి హాని కలుగుతుందన్న స్మృతివాక్యానికి, నష్టమయ్యేది ఫలమే గాని భూమి కాదని మితాక్షర అర్థం చెప్పింది. 1963 నాటి కాలపరిమితి చట్టం ఇందుకు భిన్నం. ప్రతికూల స్వాధీనం 12 ఏండ్లు సాగితే, దావా వేయని యజమాని హక్కే అంతరిస్తుంది.

సీమావివాద ప్రకరణం మరింత గమనింపదగినది. పొలిమేర తేల్చవలసి వచ్చినప్పుడు పొరుగువారిని, వృద్ధులను, పశుల కాపరులను, సరిహద్దున దున్నేవారిని, అడవిలో తిరిగేవారిని పిలవాలని స్మృతి నిర్దేశించింది. దిబ్బ, బొగ్గు, ఊక, చెట్టు, కట్ట, పుట్ట, పల్లం, ఎముకలు మొదలైన గుర్తులను బట్టి వారు హద్దు చూపాలి. నేలమీద నిత్యం నడిచేవారి జ్ఞానానికి ఇక్కడ ప్రమాణస్థాయి లభించింది.

హైదరాబాదు రాజ్యం: మాటనుంచి దస్తావేజుకు

మొదటి సాలార్‌జంగ్ 1865లో చేపట్టిన జిలాబందీతో రెవెన్యూ పాలన కొత్త రూపం పొందింది. 1317 ఫసలీ (1907–08) నాటి భూమిశిస్తు చట్టం దానిని స్థిరపరచింది. ఈ పాలనతో పాతుకుపోయిన పదాలే ఆనాటి భూసంబంధాలను తెలుపుతాయి. 'కౌలు'కు మూలమైన అరబీ పదానికి అర్థం మాట, వాగ్దానం. 'కబ్జా'కు మూలార్థం పట్టుకోవడం. 'బైనామా' అమ్మకపు పత్రం. కౌలుదారుకు ఉన్నది మాట, సాగుదారుకు ఉన్నది కబ్జా. పత్రం మాత్రం పట్వారీ దస్త్రంలో ఉండేది. ఉర్దూలో రాసిన ఆ దస్త్రాన్ని చాలామంది రైతులు చదవలేరు. పాలకుర్తిలో తాను కౌలుకు సాగుచేసిన పొలం పంటకోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను చాకలి ఐలమ్మ ఎదిరించడాన్ని ఈ నేపథ్యంలో చూస్తే, అది భుక్తికి గుర్తింపు కోరిన పోరాటం కూడా అని స్పష్టమవుతుంది.

1950 తరువాత

జాగీర్ల రద్దు (1949) వెనువెంటనే వచ్చిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం భుక్తిని లిఖితంగా మార్చే ప్రయత్నం చేసింది. నిర్ణీతకాలం సాగుచేసినవారు రక్షిత కౌలుదారులుగా రిజిస్టరుకెక్కారు. ఆ చట్టంలోని 38-ఇ సెక్షను వారికి యాజమాన్యం సంక్రమింపజేసింది. 1954–55 ఖాస్రా పహాణీ నేటికీ న్యాయస్థానాల్లో ప్రస్తావనకు వచ్చే ఆధారం. పహాణీలో పట్టాదారు గడితోపాటు అనుభవదారు గడి కూడా ఉండేది. పేరొకరిది, సాగొకరిది అయిన పరిస్థితిని ఆ రికార్డు దాచలేదు.

1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం రికార్డులోని నమోదు, తప్పని రుజువయ్యేవరకు మాత్రమే నిజం. రుజువుకు తావిచ్చే ఈ షరతే ఆ చట్టానికి ప్రాణం. అయితే 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థ అన్యాయాలు తెలిసినవే. కాని దానితోపాటు ఏ మడి ఎవరిదో ఎరిగిన స్థానిక జ్ఞానం కూడా కొంత చెదిరింది.

సాదా బైనామా

ఈ చరిత్రంతా సాదా బైనామాలో కేంద్రీకృతమైంది. తెల్లకాగితంమీద రాసిన అమ్మకపు పత్రం, దానికింద ఊరివారి సాక్షిసంతకాలు, కొన్నవాని సాగు: స్మృతి చెప్పిన మూడు ప్రమాణాలూ ఇందులో ఉన్నాయి. అయినా నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక ఇది యాజమాన్యాన్ని ఇవ్వలేదు. అమ్మినవాని వారసులు పట్టా చూపి అదే భూమిని మరొకరికి అమ్మితే, దశాబ్దాలుగా దున్నినవాడు ప్రతివాదిగా మిగులుతాడు. 1989 సవరణతో వచ్చిన 5-ఎ సెక్షను దీనికి మార్గం చూపింది. నోటీసు, స్థానిక విచారణ, రుసుముల చెల్లింపు తరువాత 13-బి ధ్రువపత్రం ఇచ్చే విధానమది.

2020లో కొత్త చట్టం, ధరణి వచ్చాయి. తహసీల్దారు మొదలైనవారు నిర్వహించే రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి, గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు పోయాయి, రికార్డులో అనుభవదారు గడి లేకుండా పోయింది. ఆ ఏడాది స్వీకరించిన సుమారు 9 లక్షల సాదా బైనామా దరఖాస్తులు, వాటికి ఆధారమైన పాత చట్టం రద్దు కావడంతో వ్యాజ్యంలో చిక్కుకున్నాయి. పత్రం వేగంగా చేతికందింది గాని, తప్పుగా నమోదైన పేరును దిద్దించుకోవడం కష్టమైంది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు అంచెలను పునరుద్ధరించి, ఆ దరఖాస్తుల పరిశీలనకు వీలు కల్పించింది.

ఉపసంహారం

పై పరిశీలనలో తేలేది ఒక్కటి. లిఖితాన్ని ఏకైక ప్రమాణంగా నిలిపినప్పుడు వివాదం తీరదు, రికార్డుకు వెలుపలికి జరుగుతుంది. నిరక్షరాస్యుడైన సాగుదారుకు చివరకు మిగిలేవి దున్నిన చాలు, గట్టు పొరుగువాని మాట మాత్రమే. వాటిని వినే వేదిక గ్రామంలో ఉండాలి. వినిపించిన మాటను తూచి, కారణాలతో ఉత్తర్వు రాసే అధికారి ఉండాలి. ఆ ఉత్తర్వుపై అప్పీలు ఉండాలి. సరిహద్దు తేల్చడానికి పశుల కాపరిని పిలవమన్న ప్రాచీన విధి వెనుక ఉన్న వివేకం ఇదే.