మందకూ ఒక వంశావళి
సంతలో కోడెను కొనే ముందు మన పెద్దలు దాని తల్లి ఎవరి మందదని అడుగుతారు. ఇంగ్లండులో టీస్ నది ఒడ్డు రైతులూ అంతే. డార్లింగ్టన్ దగ్గర చార్లెస్, రాబర్ట్ కాలింగ్ అన్నదమ్ములు పొట్టికొమ్ముల పశువులను ఏరి, దగ్గరి రక్తంలోనే దాటించి షార్ట్‌హార్న్ జాతిని నిలబెట్టారు.

1796లో పుట్టిన వాళ్ల ‘డర్హమ్ ఆక్స్’ను జాన్ డే కొని, బండిలో ఎక్కించి దాదాపు ఆరేళ్లు ఊరూరా తిప్పాడు. బండి లాగే ఎద్దులనే చూసినవాళ్లం, ఎద్దునే బండెక్కించారంటే మాకు నవ్వొచ్చింది. పాపం, 1807లో దాని తుంటి తొలగింది, చివరికి కోతకే పోయింది.

1810 వేలంలో ‘కామెట్’ ఆబోతు 1000 గినీలు పలికింది. కామెట్ తండ్రే దాని తల్లికీ తండ్రి! పెళ్లికి ఇంటిపేరు చూసే మనకు ఇది మింగుడుపడదు. జార్జ్ కోట్స్ రైతుల నోటి లెక్కలు సేకరించి 1822లో మంద పుస్తకం అచ్చువేయించాడు. ఆవుజాతికి అదే మొదటిది.

ఇది చెప్పాక మా హాస్టల్లో పిల్లలు తమ తాతముత్తాతల పేర్లు రాయబోయారు. చాలామందికి మూడో తరం దాటలేదు.