వీరాస్వామయ్య కాశీయాత్ర: కృష్ణ దాటిన తొలినాళ్లు

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న సకుటుంబముగా, ఇంచుమించు నూరుగురు పరివారముతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. దీనిని స్వదేశసంచారముగనే మనము చదువుచున్నాము. ఆ చదువు సరికాదని నా యభిప్రాయము.

తిరుపతి, కడప కుంపిణీ సీమలోనివి. కడపను నిజాము 1800లో వదలుకొనెను. అహోబిలము, శ్రీశైలము కందనూరు నవాబు ఏలుబడిలోనివి. యాత్రికులవద్ద పన్ను గొనుటయే గాని ఆలయపు బాగోగులు నవాబునకు పట్టలేదు. కృష్ణ దాటగానే నిజాము రాజ్యము. ఏటి కిరుగట్టులను తెలుగే, కొలిచెడి వేల్పులు నొక్కరే. అయినను ఏలిక వేరు, న్యాయము వేరు. జమీందారుల కలహములు, సాయుధుల సంచారము, పలుచోట్ల సుంకములు. న్యాయస్థానపు నీడలో బ్రదికిన మనుష్యుడు ఆడవారిని, బోయీలను వెంటగొని ఆ దారి నడచుట సామాన్యము కాదు. పరదేశమనగా పరభాష యనుకొనువారు ఈ ఘట్టమును మరల చూడవలెను.

మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన జాబులే ఈ గ్రంథమునకు మూలము. వీరాస్వామయ్య 1836లో గతించగా, పిళ్ళ 1838లో దానిని ముద్రింపించెను. కావుననే దారిబడలిక, శంక, విసుగు చల్లారకమునుపే కాగితమున కెక్కినవి.

తిరుగుదారి పూరీ, గంజాములమీదుగా శ్రీకాకుళము చొచ్చినది. పొందూరు అచ్చటికి చేరువయే. 1831 నాటికి ఈ సీమ కుంపిణీ క్రిందిది. ఒరియా నాడు దాటివచ్చినవారికి ఇచ్చట తెలుగుమాట వినవచ్చినది.