బోర్డో ఎర్ర వైను

ఫ్రాన్సు నైరుతిన, గరోన్, దొర్దోన్యు నదులు కలిసి జిరోండ్ పేరుతో సముద్రంలో పడే చోట, బోర్డో నగరం చుట్టుపక్కల తయారయ్యే ద్రాక్ష మద్యం. కాబర్నే సొవిన్యోఁ, మెర్లో, కాబర్నే ఫ్రాఁ దీనికి వాడే ముఖ్యమైన నల్లద్రాక్ష రకాలు. వేర్వేరు రకాల వైన్లను పాళ్లు చూసి కలపడం ఇక్కడి ఆనవాయితీ.

తయారీ: తొడిమలు తీసి చిదిపిన పండ్లను తొక్కలతో సహా పులియబెడతారు. రంగూ వగరూ తొక్కల నుంచే రసంలోకి దిగుతాయి. తర్వాత పిప్పి వేరుచేసి, 225 లీటర్ల ఓక్ పీపాల్లో నెలల తరబడి మాగనిస్తారు. మేలురకం వైనులో మొదట నాలుక పట్టేసే వగరు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది.

చరిత్ర: క్రీ.శ. 1వ శతాబ్దం నాటికే రోమన్లు ఇక్కడ ద్రాక్ష పెంచారు. 1152లో, బోర్డో ఉన్న అక్విటేన్ సీమ పాలకురాలు ఎలియనోర్ హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్లాడింది. 1154లో అతడు ఇంగ్లండు రాజు కావడంతో ఆ సీమ ఆంగ్లేయ పాలనలోకి వచ్చి, బోర్డో వైనుకు ఆ దేశంలో పెద్ద గిరాకీ ఏర్పడింది. ఆంగ్లేయులు దీన్ని 'క్లారెట్' అన్నారు. 1453లో కాస్తియోఁ యుద్ధంతో ఆంగ్లేయ పాలన ముగిసింది. 17వ శతాబ్దంలో డచ్చివారు బోర్డో సమీపంలోని మెదాక్ చిత్తడినేలల నీరు తీసి సాగులోకి తెచ్చారు.

1855లో పారిస్ ప్రదర్శన కోసం దళారులు తోటల వైన్లను, అవి పలికే ధరను బట్టి, ఐదు తరగతులుగా విభజించారు. లాఫిత్, లాతూర్, మార్గో, ఓబ్రియోఁ మొదటి తరగతిలో నిలిచాయి. 1973లో మూతోఁ రోత్‌షీల్డ్‌ను ఆ వరుసలో చేర్చారు.

తెగుళ్లు: 1850లలో బూడిద తెగులు తోటలను దెబ్బతీసింది. గంధకం పొడి చల్లి దాన్ని అదుపు చేశారు. 1860ల చివర అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సిరా పురుగు వేళ్లను తొలిచింది. దాన్ని తట్టుకునే అమెరికా తీగల వేరుమొక్కలపై ఫ్రెంచి రకాలను అంటుకట్టడమే విరుగుడైంది. 1878లో బూజు తెగులు కనిపించింది. 1882 అక్టోబరులో బోర్డో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు మిల్లార్దే సేంజూలియెఁ ఊరి తోటల్లో తిరుగుతూ, బాట పక్క తీగల ఆకులు మాత్రమే పచ్చగా ఉండటం గమనించాడు. దారిన పోయేవారు పండ్లు తెంపకుండా ఆ వరుసలపై రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఈ పరిశీలనతో మొదలుపెట్టి, రసాయన శాస్త్రవేత్త గాయోఁ సాయంతో ప్రయోగాలు చేసి, 1885లో ఆయన ఆ మందు వివరాలు ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం.

తెలుగునాట: ఇక్కడి సేద్యగాళ్లకు బోర్డో అంటే వైను కాదు, ఈ నీలిమందు. హైదరాబాదు పరిసరాల్లో పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పట్టే బూజు తెగులుకు ఇది పాతమందు. జహీరాబాద్ ప్రాంతంలో విరివిగా పండే అల్లం ఆకుమచ్చకూ, ఆలుగడ్డ ఆకుమాడుకూ ఇది పనికొస్తుంది. ఒక శాతం మందుకు కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలో, కిలో సున్నాన్ని మరో 50 లీటర్లలో కరిగించి, రెంటినీ ఒకేసారి మూడో తొట్టిలో పోస్తూ కలుపుతారు. లోహపు పాత్రలు వాడరు. కలిపిన మందును అదే రోజు చల్లాలి. అది కుదిరిందో లేదో చూడటానికి శుభ్రమైన ఇనుప కత్తిని ముంచుతారు. కత్తికి ఎర్రటి రాగి పూత పడితే ఇంకాస్త సున్నం వేయాలి.