డెబ్భై ఐదుగురు నాయకుల ఐకమత్యం

జీర్ణోద్ధరణ సంచికలలో స్థలపురాణానికీ, శిల్పవైభవానికీ, దాతల నామావళికీ అగ్రస్థానం లభించడం సహజం. ఈ వ్యాసంలో మాత్రం ఏ ఒక్క ఆలయ చరిత్రనూ ప్రస్తావించడం లేదు. పదునాలుగవ శతాబ్దంలో ఆంధ్రదేశమంతటా అగ్రహారాలు, ధర్మకార్యాలు తిరిగి ప్రతిష్ఠ పొందడానికి కారణభూతమైన ఒక కలయికను గూర్చి, అది ఎట్లు కుదిరినదో, ఎట్లు విడిపోయినదో ఆస్తిక మహాశయులకు విన్నవించుట నా ఉద్దేశం.

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనాని ఉలూఘ్ ఖానుకు వశమైంది. ఇతడే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయినవాడు. బందీగా ఢిల్లీకి కొనిపోబడుతూ ప్రతాపరుద్ర చక్రవర్తి దారిలో నర్మదా తీరాన దేహం చాలించినట్లు విలస తామ్రశాసనం చెబుతున్నది. తేదీ లేని ఈ సంస్కృత శాసనం ముసునూరి ప్రోలయనాయకుడు కోనసీమలోని విలస గ్రామాన్ని ఒక బ్రాహ్మణునికి దానం చేసిన సందర్భంలో పుట్టినది. దానశాసనాలలో సాధారణంగా వంశస్తుతి, పొలిమేరలు, శాపవాక్యాలు ఉంటాయి. ఇందులో వాటికి తోడు ఒక ప్రజా విజ్ఞాపన వంటి భాగం ఉన్నది. విగ్రహాలు భగ్నమైనాయి, అగ్రహారాలు హరింపబడినాయి, యజ్ఞయాగాలు ఆగిపోయినాయి. రైతు పండించిన పంట రైతుకు దక్కలేదు. దేవునికి జరిగిన అపచారాన్నీ కర్షకునికి జరిగిన అన్యాయాన్నీ శాసనకవి ఒకే వరుసలో నిలిపి చెప్పడం గమనింపదగినది. ఆనాటి వారి దృష్టిలో అవి రెండు వేరు విషయాలు కావు.

ప్రోలయనాయకుడు గోదావరీ శబరీ నదుల పరిసరాలలోని రేకపల్లిని తన కేంద్రంగా చేసుకున్నాడు. అడవులు, కొండలు, నదులు కలిసిన ఆ తావు గుర్రపు దండుకు అనుకూలం కాదు. అక్కడ నిలదొక్కుకున్న తరువాత ఆయన చేసిన మొదటి పనులలో అగ్రహారాల పునరుద్ధరణ ఒకటి. రైతులు బలవంతం లేకుండా తమంత తామే రాజభాగం సమర్పించేవారని శాసనం కొనియాడుతున్నది. ఇది ప్రభుస్తుతియే కావచ్చు. అయినా స్తుతించదలచినవాడు ఈ ఒక్క గుణాన్ని ఎన్నుకొనడం ఊరకే జరిగినది కాదని నా నమ్మకం. పన్ను న్యాయంగా ఉంటే గ్రామం నాయకుని వెంట నడుస్తుంది. గ్రామాలు వెంట ఉన్న నాయకునితోనే పొరుగు నాయకులు చేతులు కలుపుతారు.

చేతులు కలిపినవారు ఎవరు? అద్దంకి ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి, పిఠాపురంలో కొప్పులవారు, కోరుకొండలో మంచికొండవారు, పశ్చిమాన రేచెర్లవారు. వీరిలో ఒకే కులంవారు కారు. ఒకే శాఖను ఆశ్రయించినవారూ కారు. ఎవరి కోట వారిది, ఎవరి సైన్యం వారిది. ప్రతాపరుద్రుని కొలువులో ఒకప్పుడు పక్కపక్కన నిలిచిన కుటుంబాలు కావడమే వీరిలో చాలామందిని కలిపిన సూత్రం. డెబ్భై ఐదుగురూ ఒకచోట చేరి కత్తి ముట్టి ప్రమాణం చేశారని చెప్పుకొనడం మనకు అలవాటు. అట్టి సభను గురించి విలస శాసనంలో ఒక్క మాట లేదు. సంఖ్య కూడా అందులో లేదు. అది ఎక్కడినుండి వచ్చినదో చివర మనవి చేస్తాను.

ప్రోలయ అనంతరం ఆయన పినతండ్రి కుమారుడు కాపయనాయకుడు నాయకత్వం వహించాడు. అడవి కోటలనుండి ఓరుగల్లును తిరిగి పొందడం తెలుగు నాయకుల బలంతో మాత్రమే కాదని ఆయన గ్రహించాడు. గోప్యంగా దక్షిణానికి పోయి హొయసల ప్రభువు మూడవ వీరబల్లాలుని ఆశ్రయించి సహాయం పొందినట్లు పారసీక చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాశాడు. ఆయన కాపయను కృష్ణనాయకుడనీ, ప్రతాపరుద్రుని కుమారుడనీ పేర్కొనడం పొరపాటే. కాని పొత్తు సంగతి యథార్థమని చరిత్రకారుల అభిప్రాయం. కాకతీయులకూ హొయసలులకూ పూర్వం గొప్ప మైత్రి లేదు. అవసరం ఇరువురికీ ఉన్నది: బల్లాలునికి దక్షిణాన మధుర సుల్తానులు, ఉత్తరాన ఢిల్లీ దండ్లు. అప్పటికే మహమ్మద్ బిన్ తుగ్లక్ సేన ఓరుగల్లు ప్రాంతంలో మహమ్మారి వాతపడి వెనుదిరిగి ఉన్నది. అదను చూసి 1336 ప్రాంతంలో జరిపిన దాడిలో ఓరుగల్లు విముక్తమైంది. కోటను విడిచి ఢిల్లీ చేరిన పాలకుడు మాలిక్ మక్బూల్ పుట్టుకచేత తెలుగువాడే కావడం చరిత్రలోని చిత్రం! ఆయన తదుపరి ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ప్రధానమంత్రి పదవిని అందుకున్నాడు. కనుక ఈ పోరాటాన్ని కేవలం రెండు మతాల యుద్ధంగా చెప్పేవారు శాసనాలను సగమే చదివినవారు.

విముక్తి అనంతరం జరిగిన ధర్మకార్యాలలో ప్రోలయ వేమారెడ్డి పేరు చిరస్మరణీయం. శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించినది ఆయనే. ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. హరివంశాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ముందుగా చెదరిన అగ్రహారాలను నిలబెట్టి, అటుపై యాత్రికుల పాదాల క్రింద రాతిమెట్లు పరిచిన క్రమాన్ని చూస్తే, దేశంలో కొంత నిబ్బరం ఏర్పడిన తరువాతనే ఇట్టి నిర్మాణాలు సాధ్యమైనాయని తోస్తుంది.

ఇక విడిపోవడం. ఈ భాగాన్ని సంచికలలో సాధారణంగా వదిలివేస్తారు. నాకు అది న్యాయమనిపించదు. ఉమ్మడి శత్రువు తొలగగానే ఎవరి పొలిమేరలు వారికి కనిపించసాగాయి. వీరబల్లాలుడు 1342-43లో మధుర సుల్తానులతో పోరులో మరణించడంతో దక్షిణపు అండ పోయింది. ఢిల్లీపై తిరుగుబాటు చేసిన దక్కను అమీరులకు కాపయ సైన్యసహాయం చేశాడు. 1347లో వారి నాయకుడు హసన్ బహమనీ రాజ్యాన్ని స్థాపించి, కొద్దికాలానికే కాపయమీదికి దండెత్తి కౌలాసు కోటను పుచ్చుకున్నాడు. అటుపిమ్మట గోలకొండ కూడా పోయింది. ఢిల్లీ సుల్తానుకై చేయించిన ఫిరోజా సింహాసనాన్ని రెండవ బహమనీ సుల్తానుకు కానుకగా పంపవలసి వచ్చింది. ఆ కష్టకాలంలో పూర్వపు మిత్రులు ఓరుగల్లుకు తరలివచ్చిన జాడ కనబడదు. చివరకు 1368 ప్రాంతంలో భీమవరం వద్ద కాపయను సంహరించినవారు బహమనీలు కారు. ఒకప్పటి సహచర వంశమైన రేచెర్లవారే.

ప్రోలయ కాపయల వంశం ఆ పిమ్మట ప్రాభవంలో లేదు. వారిని పొగిడి లాభం పొందగలవారు ఎవరూ మిగలలేదు. ఆ స్థితిలో, 1423లో, రాజమహేంద్రవరపు రెడ్డిరాణి అనితల్లి కలువచేరు తామ్రశాసనం వేయించింది. డెబ్భై ఐదుగురు నాయకులు కాపయను కొలిచారన్న మాట మనకు దక్కినది ఆ శాసనంవల్లనే. ఆయన మరణానంతరం వారు ఎవరి నెలవులకు వారు పోయి తమ తమ సీమలను కాపాడుకున్నారని కూడా అందులోనే ఉన్నది. 1945లో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ‘ఎ ఫర్గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్ర హిస్టరీ’ అనే ఆంగ్ల గ్రంథంలో ఈ అధ్యాయాన్ని వెలికి తెచ్చేవరకు సామాన్య పాఠకులకు ఈ కథ దాదాపు తెలియదు.

అనితల్లి తన వంశకర్తల ఘనతనే చెప్పుకొనవచ్చు, అడిగేవారు లేరు. అయినప్పటికీ ఆమె శాసనంలో ప్రతాపరుద్రుని వెనుక ముందు ప్రోలయ, అటుపై కాపయ, ఆ తరువాతనే వేముడు వస్తారు. కాలక్రమాన్ని బట్టి చూస్తే ఇది సరిపడదు. వేమారెడ్డి కాపయకు సమకాలికుడు, ఆయనకంటె ముందే గతించినవాడు. శాసనకవి మాత్రం ఆ వరుసనే రాగిరేకుపై చెక్కించాడు.