పాస్టరమ్మ అంటే ఎవరు? తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో స్త్రీలూ ప్రసంగ వేదికా

ఈ ఎపిసోడ్‌ని ఒక్క మాటతో మొదలుపెడదాం. ఆ మాట పాస్టరమ్మ.

మన గుంటూరు, బాపట్ల వైపు పాస్టరమ్మ గారు అంటే ఎవరండీ? పాస్టరు గారి భార్య. సండే స్కూలు ఆవిడే చూస్తుంది, స్త్రీల కూటం ఆవిడే నడుపుతుంది, పాటలు నేర్పుతుంది, ఎవరింట్లో జ్వరమొచ్చినా వెళ్ళి ప్రార్థన చేసి వస్తుంది. బాప్తిస్మం మాత్రం ఇవ్వదు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవదు. మరి ఒక స్త్రీ తానే పాస్టరైతే ఏమని పిలవాలి? అయ్యగారు అనలేం. అమ్మగారు అన్నా అది అయ్యగారి భార్యకే పోతుంది. ఉద్యోగం రాకముందే దాని పేరుని ఇంకొకరు వాడేసుకున్నారన్నమాట.

తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడూ దగ్గర దగ్గర ఊళ్ళే, రైలెక్కితే గంటా గంటన్నర. కానీ మిషనరీల కాలంలో ఊళ్ళు పంపకాలు జరిగాయి. తెనాలి, రేపల్లె వైపు అమెరికన్ లూథరన్లు. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు, ఆ తర్వాత సాల్వేషన్ ఆర్మీ, అంటే మనవాళ్ళు రక్షణ సైన్యం అంటారే, వాళ్ళు. రేపల్లె నుంచి కృష్ణ దాటి దివిసీమకి పోతే అక్కడ ఆంగ్లికన్లు. స్త్రీ ప్రసంగం చేయొచ్చా అని అడిగితే ఇంత చిన్న జాగాలో ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పారు.

ముందు లూథరన్ల సంగతి చూద్దాం. ఫాదర్ హేయర్ గుంటూరు చేరింది 1842 జూలై 31న. చాలా ఏళ్ళు పని అంతా మగవాళ్ళదే. చిక్కు ఎక్కడొచ్చిందంటే గోషా ఇళ్ళ దగ్గర. ఆ ఇళ్ళలోకి ఏ పాస్టరూ అడుగు పెట్టలేడు. అందుకని ఆడ మిషనరీలు కావాల్సొచ్చారు. 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ చదివింది డాక్టరు చదువు. కానీ ఆవిణ్ణి పంపింది జెనానా పనికి! డాక్టరుగా నియామకం ఆ తర్వాత గానీ రాలేదు. గుంటూరులో ఆవిడ కట్టిన ఆసుపత్రి చాలామందికి తెలుసు, ఈ సంగతి అంతగా తెలియదు.

ఆడ మిషనరీలకు తోడు బైబిల్ స్త్రీలు వచ్చారు. చంకలో బైబిలు, చేతిలో పాటల పుస్తకం, ఇంటింటికీ నడక. చదువు చెప్పడం, కథ చెప్పడం, ప్రార్థన చేయడం. నన్నడిగితే ఇది ముమ్మాటికీ పాస్టరు పనే. ఆవిడ మాటలు విని ఎవరైనా నమ్మితే, బాప్తిస్మం ఇవ్వడానికి మాత్రం అయ్యగారికి కబురు పంపాలి. పైగా ఇందులో కులం సంగతి ఉంది. ఇక్కడి సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. ఆ పల్లెల్లోంచి వచ్చిన స్త్రీ ఊళ్ళోని పెద్ద కులాల ఇళ్ళకు వెళ్ళి అక్షరాలు నేర్పడమంటే, ఆ రోజుల్లో అది మామూలు విషయమా?

ఇక్కడ బి. వి. సుబ్బమ్మ గారి పేరు చెప్పాలి. కమ్మ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినావిడ, లూథరన్ సంఘం మనిషి. రాజమండ్రిలో బైబిల్ స్త్రీలను తయారుచేసే షార్లెట్ స్వెన్సన్ బైబిల్ ట్రైనింగ్ స్కూలుకు పెద్దగా పనిచేశారు. 1970లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. యేసంటే ఇష్టం ఉన్నా, కులం అడ్డొచ్చి పల్లె గుడికి రాలేని వాళ్ళ కోసం ఆశ్రమాల్లాంటి వేరే దారి ఉండాలని ఆవిడ వాదన. ఇది నాకు పూర్తిగా మింగుడుపడదు. గుడి బయట కులం ఉంటే గుడిని మార్చుకుంటూ పోవడమా అని దళిత క్రైస్తవులు అడిగితే జవాబు చెప్పడం కష్టం. అయితే ఒకటి ఒప్పుకోవాలి. సంఘం ఎలా పెరగాలి అని ఒక తెలుగు స్త్రీ పుస్తకం రాస్తే ప్రపంచంలో మిషన్ పండితులు చదివారు.

అదే 1970లో అమెరికా లూథరన్లు తొలిసారి ఒక స్త్రీని, ఎలిజబెత్ ప్లాట్జ్‌ను, పాస్టరుగా అభిషేకించారు. మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927 నుంచే స్వతంత్ర సంఘం, కాబట్టి నిర్ణయం ఇక్కడే జరగాలి. అది జరిగేసరికి 1990ల చివరొచ్చింది. మధ్యలో ఆడపిల్లలు బి.డి. చదవలేదా అంటే చదివారు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది కదా. చదువు ఒక్కటే, డిగ్రీ ఒక్కటే. మగపిల్లాడికి పారిష్ దొరికేది, ఆడపిల్లకు హాస్టలో, బడో దొరికేది. సి.ఎస్.ఐ. వాళ్ళు ముందే కదిలారు. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన ఎగ్గోని పుష్పలలిత గారు 1980లలోనే అభిషేకం పొంది, 2013 సెప్టెంబరులో నంద్యాల బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ ఆవిడే, మన తెలుగావిడ.

ఇప్పుడు బాపట్లకు రండి. బాప్టిస్టుల్లో ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద, అంచేత పైనుంచి ఒక్క తీర్మానంతో ఏదీ మారదు. సాల్వేషన్ ఆర్మీ దారి వేరు. స్త్రీలు బోధించొచ్చని కేథరిన్ బూత్ 1859లోనే చిన్న పుస్తకం రాసింది. 1882లో ఇండియాకు వచ్చినప్పటి నుంచీ వాళ్ళలో ఆడ ఆఫీసర్లున్నారు. యూనిఫాం వేసుకుని బజారులో నిలబడి ప్రసంగించారు. లూథరన్ల కన్నా వందేళ్ళ ముందు! ఎలా కుదిరింది? నాకు తోచింది చెప్తాను. సాల్వేషన్ ఆర్మీలో బాప్తిస్మం లేదు, ప్రభువు బల్ల లేదు. బల్లే లేనప్పుడు, బల్ల దగ్గరికి స్త్రీ రావచ్చా అన్న పేచీ కూడా లేదు. అలాగని అంతా సమానమేం కాదు. పెళ్ళయ్యాక ఆవిడ ర్యాంకు చాలాకాలం భర్త ర్యాంకు వెంటే నడిచింది. ఇంకోటి, బాపట్ల పక్కన స్టువర్టుపురంలో ఎరుకల వాళ్ళను నేరస్థ జాతులని ముద్రవేసి పెట్టిన సెటిల్‌మెంటును నడిపింది ఈ సైన్యమే. అక్కడ అదే యూనిఫాం హాజరు కూడా వేసింది. అది వేరే ఎపిసోడ్ అవుతుంది.

ఇప్పటి సంగతి చూస్తే, ఈ మూడు ఊళ్ళలో ఇండిపెండెంట్ సంఘాలున్నాయి. హెబ్రోను పద్ధతి వాళ్ళలో స్త్రీలు ముసుగేసుకుని కూర్చుంటారు, ప్రసంగించరు. పెంతెకొస్తు వైపు అయితే ఇంటి వరండాలో పదిమందితో మొదలుపెట్టి సంఘం కట్టిన స్త్రీలున్నారు. వాళ్ళను సిస్టర్ గారు అంటారు. ఏ సినడూ అభిషేకించక్కర్లేదు, వచ్చి కూర్చునే జనం చాలు.

కానీ సంఘంలో పెళ్ళొచ్చిందనుకోండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇలాంటి సంఘాల్లో పెళ్ళి చేసేవాళ్ళకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, అధికారం లేకుండా చేస్తే శిక్ష ఉంది. లైసెన్సు లేని సిస్టర్ గారు వాక్యం చెప్పి, ప్రమాణాలు చేయించడానికి పక్కూరి పాస్టరు గారిని పిలుస్తారు. బైబిల్ స్త్రీ అయ్యగారికి కబురు పంపినట్టే. తమాషా ఏమిటంటే, అభిషేకం పొందినవాళ్ళు పెళ్ళి చేయొచ్చని చెప్పేచోట ఆ చట్టం మగవాడు అనలేదు. వ్యక్తి అంది, అంతే.