గన్‌ప్లా

గన్‌ప్లా అనేది జపాన్ యానిమేషన్ ధారావాహిక ‘మొబైల్ సూట్ గండమ్’లోనూ, ఆ వరసలో తర్వాత వచ్చిన కథల్లోనూ కనిపించే కల్పిత యుద్ధ రోబోల ప్లాస్టిక్ కిట్లకు వాడుక పేరు. వీటిని బండాయ్ సంస్థ (2018 నుంచి బండాయ్ స్పిరిట్స్) షిజువోకా నగరంలోని తన కర్మాగారంలో తయారు చేస్తుంది. పెట్టెలో ఉండేవి విడి ముక్కలే. వాటిని కోసి, నునుపు చేసి, బిగించి రోబోను నిలబెట్టే పని కొన్నవారిదే.

యోషియుకి తొమినో దర్శకత్వంలో, కునియో ఒకావారా గీసిన రోబోలతో ఈ ధారావాహిక 1979 ఏప్రిల్ 7న మొదలైంది. ఆదరణ అంతంతమాత్రం కావడంతో 52 భాగాలుగా అనుకున్నదాన్ని 43తోనే ముగించేశారు. అప్పటి ప్రాయోజకుడు క్లోవర్ అనే బొమ్మల సంస్థ; దాని సరుకు చిన్నపిల్లలను ఉద్దేశించింది. కథ పట్టుకున్నదేమో ఇంకాస్త పెద్ద వయసువాళ్ళను. ఆ తేడా బండాయ్‌కి కలిసొచ్చింది. ప్రసారం ఆగిన ఆరు నెలలకు, 1980 జూలైలో, కథానాయక రోబో అయిన గండమ్ (ఆర్ఎక్స్-78-2) కిట్‌ను 300 యెన్లకు విడుదల చేసింది. పునఃప్రసారాలు, 1981-82లో వచ్చిన మూడు సినిమాలు తోడై కిట్లకు విపరీతమైన గిరాకీ పుట్టించాయి. క్లోవర్ 1983లో దివాలా తీసింది.

కథలో ఆర్ఎక్స్-78-2 ఎత్తు 18 మీటర్లు. 1/144 కొలతలో అది 12.5 సెంటీమీటర్లు, 1/100లో 18, 1/60లో 30 అవుతుంది. మొదటి కిట్లను జిగురుతో అతికించి, రంగులు వేసుకోవాల్సి వచ్చేది; మోకాళ్ళు, మోచేతులు కొద్దిగానే వంగేవి. తర్వాత ఒకే చట్రంలో వేర్వేరు రంగుల ప్లాస్టిక్ పోసే అచ్చులు, జిగురు లేకుండా నొక్కితే బిగుసుకునే ముక్కలు వచ్చాయి. 1990లో హై గ్రేడ్, 1995లో 1/100 కొలతతో మాస్టర్ గ్రేడ్, 1998లో 1/60 కొలతతో పర్ఫెక్ట్ గ్రేడ్ గండమ్, 2010లో రియల్ గ్రేడ్ అనే కిట్ల శ్రేణులు మొదలయ్యాయి. ప్రతి శ్రేణిలోనూ ఆర్ఎక్స్-78-2కు చోటు దక్కింది. ప్లాస్టిక్ అచ్చుల పనితనం నలభై ఏళ్ళలో ఎంత ముందుకు పోయిందో చూడాలంటే ఈ ఒక్క రోబో కిట్లను వరసగా పేర్చి చూస్తే చాలు.

ముక్కలన్నీ కరివేపాకు రెబ్బకు ఆకుల్లా రన్నర్ అనే చట్రానికి సన్నని కాడలతో అంటుకుని ఉంటాయి. కొత్తవాళ్ళు తొందరపడేది ఇక్కడే. కాడను ముక్కకు ఆనించి ఒక్క దెబ్బకు కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్లమచ్చ పడుతుంది. ముదురు నీలం, ఎరుపు ముక్కల మీద అది దాగదు. మొదట కాస్త దూరంగా కోసి ముక్కను విడదీయాలి. మిగిలిన మొటిమను పదునైన నిప్పర్‌తోనో బ్లేడుతోనో పలచగా తీయాలి. ఆపైన 400, 600, 800 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్దాలి. ఒంటి మీది గాడుల్లోకి పలుచని ఎనామెల్ రంగు వదిలితే అది తనంతట తనే పారి గీతలను తేటపరుస్తుంది. అయితే ఎనామెల్ పలుచన చేసే ద్రవం ఎక్కువైతే, బిగింపు వల్ల ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది. చివరగా మెరుపు లేని పూత ఒక్క పొర కొడితే బొమ్మతనం చాలావరకు పోతుంది. రంగులు వేయకపోయినా ఈ ఒక్క పని మానకూడదు.

కిట్ సమీక్ష అంటే చాలామంది పెట్టె మీది బొమ్మ, పూర్తయిన రోబో ఫొటోలు చూపించి సరిపెడతారు. రోబో అందం దాన్ని గీసినవారిది. సమీక్షకుడు తూచాల్సింది అచ్చు తయారుచేసినవారి ఆలోచనను. రెండు సగాలు కలిసేచోట అతుకు గీత ఎదురుగా పడుతోందా, లేక గాడిలో కలిసిపోయిందా? రంగులు ముక్కల్లోనే వచ్చాయా, లేక లోటును స్టిక్కర్లు పూడుస్తున్నాయా? మోకాలు పూర్తిగా ముడిచినప్పుడు తొడ కవచం అడ్డొస్తోందా? తుపాకీ పట్టించాక మణికట్టు వాలిపోతోందా? ఇవి చేత్తో కదిపి చూస్తేనే తేలతాయి.

ఏ కాలపు కిట్‌ను ఆ కాలపు కొలబద్దతోనే చూడాలి. 1995 నాటి మాస్టర్ గ్రేడ్ గండమ్ ఇప్పుడు బిర్రబిగుసుకున్నట్టు అనిపించినా, మొండెంలో చిన్న విమానాన్ని దాచుకున్న ఏర్పాటు ఆ రోజుల్లో పెద్ద విశేషమే. 2008 నాటి రెండో రూపం పాత యానిమేషన్ ఆకారానికి దగ్గరగా ఉంటే, 2013 నాటి మూడోది టోక్యోలోని ఒదైబాలో నిలబెట్టిన 18 మీటర్ల విగ్రహం పోకడను అనుసరించింది. వీటిలో ఏది మెరుగన్నది అభిరుచి మీద ఆధారపడే మాట. 2010 నాటి రియల్ గ్రేడ్ లోపలి అస్థిపంజరం కీళ్ళతో సహా రన్నర్‌లోనే తయారై వస్తుంది. ఇంజనీరింగ్‌గా అబ్బురమే అయినా, తరచూ కదిపితే ఆ కీళ్ళు వదులవుతాయి. బీరువాలో నిలబెట్టి చూసుకునేవారికే అది తగింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ఖరీదైన పర్ఫెక్ట్ గ్రేడ్ పెట్టె జోలికి పోవద్దు. 2020లో వచ్చిన ఎంట్రీ గ్రేడ్ గండమ్‌కు నిప్పర్ కూడా అక్కర్లేదు, ముక్కలు చేత్తోనే ఊడొస్తాయి. కోత, రుద్దుడు నేర్చుకోవాలనుంటే 2015 నాటి హై గ్రేడ్ గండమ్ కొనుక్కోవడం మేలు.