‘వెట్టి’: పదమూలం, అర్థపరిణామం

సంస్కృత ‘విష్టి’ ప్రాకృతంలో ‘విట్ఠి’గా మారి, తెలుగులో ‘వెట్టి’, కన్నడలో ‘బిట్టి’ అయింది. అర్థశాస్త్రంలో విష్టి రాజ్యం చేయించుకొనే నిర్బంధశ్రమ. కరంతోగాని విష్టితోగాని ప్రజలను పీడించకుండా సుదర్శన తటాకపు కట్టను పునర్నిర్మించినట్లు రుద్రదాముని జునాగఢ్ శాసనం (క్రీ.శ. 150) చెబుతుంది.

నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో, నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి ప్రాంతాల్లో, ఈ రాజ్యహక్కు దొరల గడీకీ సంక్రమించింది. దళితులు, చాకలి, మంగలి, కుమ్మరి మొదలైన కులాలవారు దొరలకూ అధికారులకూ కూలి లేకుండా చేసిన పని వెట్టి. దానికి పారసీ ‘చాకరీ’ జతపడి ‘వెట్టిచాకిరి’ ఏర్పడింది. అప్పుకు కట్టుబడి చేసిన పనికి ‘భగేలా’ అని వేరే పేరుండేది. భగేలాకు మూలం అప్పు. వెట్టికి మూలం కులం. వెట్టిలో తీర్చి బయటపడేందుకు బాకీయే లేదు.

1976 నాటి కేంద్ర చట్టం భగేలాను, వెట్టిని ఒకే నిర్వచనం కింద చేర్చింది. తెలుగులో అది వెట్టిచాకిరి నిర్మూలన చట్టంగా వ్యవహారంలోకి వచ్చింది. ఆ విధంగా అప్పుబానిసత్వానికీ వెట్టి పేరే స్థిరపడింది. ఈ నేటి అర్థంతో తెలంగాణ సాయుధపోరాట సాహిత్యాన్ని చదివితే, నాటి వెట్టిలోని కులనిర్బంధం మరుగునపడుతుంది.